మోట పాట ఆగే చోట

ఈ గల్ఫు దీవిలో తెలుగు మాట్లాడే ప్రతి మనిషి ఫోనులోనూ నా గొంతు ఉంది. మనామా బజారులో బంగారం దుకాణాల సందులోకి వెళ్ళండి, పొద్దున్నే పనికి పోయే కంపెనీ బస్సు ఎక్కండి, శుక్రవారం నాడు క్యాంపుల్లో బట్టలు ఆరేసిన తాళ్ళ కింద నిలబడండి, ఎక్కడో ఒకచోట నేను పాడుతూ వినిపిస్తాను. ఒమన్ నుంచి ఫోన్లు వచ్చాయి. సౌదీలో ఒంటెలు కాసే మనవాడొకడు నా పాట పెడితే ఒంటెలు పాలెక్కువ ఇస్తున్నాయన్నాడు.

ఒంటెల సంగతి నేను కల్పించింది. ఒమన్ నుంచి వచ్చింది ఒకే ఫోను, అదీ వేరే ఎవరికో చేయబోయి నాకు చేశాడు. బజారు, బస్సు, బట్టల తాళ్ళు మాత్రం నిజం. అవి కూడా అబద్ధమైతే ఎంత బాగుండునో. ఆ పాట వినిపించిన ప్రతిసారీ నేను చుట్టూ చూస్తాను, ఒక మనిషి ఎక్కడైనా పరుగెత్తుతున్నాడేమోనని.

మీనా సల్మాన్‌లో పాత రేవు పక్కన ఒక వర్క్‌షాపులో నేను స్టోరు చూసుకుంటాను. గ్లవ్సులు, బోల్టులు, గ్రీజు డబ్బాలు, ఇదీ నా రాజ్యం. క్యాంపు అక్కడికి దగ్గరే. వయసులో అందరికంటే పెద్దవాణ్ణి కాబట్టి అందరూ కాకా అంటారు. ఊళ్ళో చిరుతల భజన నా గొంతుతోనే మొదలయ్యేదని వీళ్ళకు చెప్పుకున్నాను. నిజానికి వెనక వరసలో నిలబడి చిరుతలు కొట్టేవాణ్ణి. గొంతు మాత్రం పెద్దదే, దాన్ని దాచడం కష్టం.

మా గదిలో ఒక మేస్త్రి ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. ఇటుక మీద ఇటుక పెడితే దారం పట్టి చూడనక్కర్లేదు. అదే గదిలో అతని బామ్మర్ది, షట్టరింగ్ పని. మేస్త్రికి వీసా తెప్పించింది ఆ బామ్మర్దే. విమానం ఎక్కే రోజు అక్క తమ్ముడి చేయి పట్టుకొని, "మీ బావను నీ చేతుల వెడ్తున్న" అందట. ఆ మాట అతను మాకు చాలాసార్లు చెప్పాడు, మొదట్లో గొప్పగా, తర్వాత వేరే విధంగా.

ఒక ఎండాకాలం మేస్త్రి కప్పు మీద పని చేస్తూ పడిపోయాడు. వడదెబ్బ. ఆస్పత్రి నుంచి వచ్చాక పని చేసేవాడు, తినేవాడు, నవ్వేవాడు, కానీ తను ఏ ఊళ్ళో ఉన్నాడో అప్పుడప్పుడు మరిచిపోయేవాడు. ఊరు మరిచినప్పుడల్లా మోట పాట అందుకునేవాడు.

మోట చూడనివాళ్ళకు రెండు ముక్కలు. కరెంటు మోటార్లు రాకముందు మా వైపు బావి నీళ్ళు ఎద్దులే తోడేవి. బావి గట్టు నుంచి కిందికి ఏటవాలుగా దారి ఉంటుంది. జోడెద్దులు ఆ దారిన దిగుతూ తాడు లాగితే తోలు మోట పైకొచ్చి కాల్వలో నీళ్ళు పోస్తుంది. తర్వాత అవే ఎద్దులు వెనక్కు నడుచుకుంటూ గట్టు దాకా ఎక్కాలి, మోట మళ్ళీ బావిలోకి దిగాలి. దిగేటప్పుడు మోట కొట్టేవాడు పాడతాడు. మేస్త్రి కూడా అలాగే పాడేవాడు:

దిగరా నా జోడెడ్లా దిగితే నీళ్ళొచ్చూ
పారితే నా మడికీ పచ్చనొచ్చూ

అక్కడ ఆగిపోయేవాడు. నోరు మూసుకొని, తన మడమల వైపు చూసుకుంటూ, నాలుగడుగులు వెనక్కు నడిచేవాడు. మంచాల మధ్య సందులో, చేతిలో అన్నం పళ్ళెం ఉన్నా సరే. గట్టు దాకా వచ్చాక మళ్ళీ ముందుకు కదిలి రెండో చరణం ఎత్తుకునేవాడు.

"ఏంది మేస్త్రీ, రివర్సు గేరు వడ్డదా?" అనేవాడు పక్క మంచం వాడు.

"జర నోరు మూస్తవా? ఎద్దులు ఎనుకకు వస్తున్నయి."

"గప్పుడు గూడ పాడరాదా మేస్త్రీ, మాకన్న పొద్దు వోతది," అన్నాను నేనొకసారి.

"వద్దు కాకా. గప్పుడు పాడద్దు." అంతే అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ రాతంతా ఉండేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున ఖుబ్బూస్ రొట్టెలు తేవడానికి వెళ్ళాడు. బామ్మర్ది ఓవర్‌టైం చేసొచ్చి నిద్రలో ఉన్నాడు. రొట్టెలు రాలేదు, మనిషీ రాలేదు.

పోలీసు స్టేషనుకు వెళ్ళాం, ఆస్పత్రులకు వెళ్ళాం, ఎంబసీకి వెళ్ళాం. అన్నిచోట్లా మర్యాదగానే విన్నారు. కంపెనీవాడు మాత్రం "పారిపోయాడు" అని రాసిచ్చి ఖలాస్ అన్నాడు. ఆ ఒక్క మాటతో బామ్మర్ది మొహం మాడిపోయింది.

"పారిపోయెటోడు చెప్పులు ఇడిశి వోతడా కాకా? తప్పిపోయిండు మా బావ. బావ లేకుండ నేను అక్క ముంగట ఎట్ల నిలవడాలె?"

అతని ఫొటోను తెలుగువాళ్ళ ఫోను గ్రూపుల్లో పెట్టాం. కార్డు మీద ఫొటో, ఏళ్ళ కిందటిది, అందులో మీసాలున్నాయి, ఇప్పుడు లేవు. అయినా ఆ గ్రూపుల్లో తప్పిపోయినవాళ్ళ ఫొటోలు, చనిపోయినవాళ్ళ ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. జనం దండం పెట్టే చేతుల బొమ్మ వేసి ముందుకు జరుపుతారు. మా మేస్త్రికి చాలా దండాలు వచ్చాయి, ఒక్క కబురూ రాలేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన మెరిసింది. మెరిసింది నాకే, ఇందులో పెంచిందేమీ లేదు.

"ఫొటో ఎవడు సూస్తడు బిడ్డా! పాట వెడుదాం. మీ బావ యాడున్నా గా పాట పాడకుండ ఉండడు. పాట ఇన్నోడు మనకు ఫోన్ జేస్తడు."

స్టోరులో అరల మధ్య కూర్చొని మొదట మేస్త్రి పాడినట్టే పాడాను, ఆగవలసిన చోట ఆగి. బామ్మర్ది ఫోను పట్టుకొని రికార్డు చేశాడు. ఇద్దరం విన్నాం. మధ్యలో ఖాళీ. స్టోరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నడుమ గంత సేపు సప్పుడు లేకుంటే ఫోన్ ఖరాబైందనుకుంటరు కాకా. దాటేసి వోతరు."

అతను అన్నది న్యాయమే. నాకు అంతకంటే ఎక్కువ సంబరంగా ఉంది, ఖాళీ కనిపిస్తే నింపే బుద్ధి నాది. అన్నం వండే గంజు మూత తెప్పించి దాని మీద దరువు వేశాను. ఆ ఖాళీలోకి నా సొంత చరణం ఒకటి దించాను:

ఎక్కరా నా జోడెడ్లా ఎక్కితే ఊరొచ్చూ
ఇసుకల తిరిగెటోనికి ఇల్లు యాదొచ్చూ

బామ్మర్ది కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో మాత్రం గొంతు సవరించుకొని చెప్పాడు, "అన్నలారా, ఈ పాట పాడుకుంట తిరిగే మనిషి మా బావ. యాడన్న కండ్లవడితే జర ఫోన్ జెయ్యుండ్రి" అని.

ఆ పాట ఎలా పాకిందో నేను పెంచి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నవాళ్ళు సాయంత్రానికి పాడుతున్నారు. మా క్యాంపు వంటవాడు నా కాళ్ళకు మొక్కాడు. మొక్కలేదు, కూరలో ఒక ముక్క ఎక్కువేశాడు. ఇసుకల తిరిగెటోడు అన్న చోట ప్రతివాడూ తననే అనుకున్నాడు. బిల్డింగు పనివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, టాక్సీ తోలేవాళ్ళు, ఎప్పుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని గ్రూపులన్నీ ఒక్క పాటతో ఒకటయ్యాయి. "మేస్త్రిని వెతుకుదాం" అని కొత్త గ్రూపు కట్టారు, అది నిండిపోతే ఇంకొకటి కట్టారు. సెలవు రోజున జట్లు జట్లుగా బయల్దేరి వెతికారు. మా మాట ఎవరూ అంతగా విన్నది నా జన్మలో లేదు.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

మీనా సల్మాన్ గోదాముల వెనక ఒకడు ఆ పాట పాడుతున్నాడు, రండి అని ఒక ఫోను. బామ్మర్ది హెల్మెట్ కూడా తీయకుండా పరుగెత్తాడు, వెనక నేను. నిజంగానే ఒక మనిషి, మాకు వీపు పెట్టి, పెట్టెలు సర్దుతూ పాడుతున్నాడు. అదే ఒడ్డూపొడుగు, అదే మెడ. "బావా!" అన్నాడు ఇతను. ఆ మనిషి తిరిగాడు. నిజామాబాదు మొహం.

"ఎవని బావనురా? నాకింక పెండ్లే కాలె."

"గా పాట నీకెట్లొచ్చు?"

"గ్రూపుల వచ్చింది గాదే! మస్తుగున్నది. ఎవడో ముసలోడు పాడిండు."

ఇలాంటివి ఎన్నో. ఉదయం బస్సులో, రేవు గేటు దగ్గర, కట్టే భవనాల మీద. వెనకనుంచి ప్రతివాడూ మేస్త్రే, తిరిగితే ప్రతివాడూ ఇంకెవడో. తెలుగు ముక్క రాని బెంగాలీ ఒకడు కూడా ఎడ్లా ఎడ్లా అంటూ సిమెంటు కలుపుతున్నాడు. మనిషిని పట్టుకోవడానికి వదిలిన పాట ఆ మనిషి మీద దుప్పటిలా పరుచుకుంది. పైగా పంపేవాళ్ళు పంపుతూ పంపుతూ చివర బామ్మర్ది చెప్పిన మాటలు కోసేశారు, పాటే బాగుందని. మేస్త్రి ఊసు లేకుండానే మేస్త్రి పాట తిరిగింది. ఒక క్యాంపులో నీళ్ళు రావడం లేదని పని ఆపి కూర్చున్నవాళ్ళు దాన్నే పెట్టుకొని కూర్చున్నారు. వాళ్ళకు నీళ్ళొచ్చాయి.

అలా పరుగెత్తి పరుగెత్తి విసిగిన రోజుల్లో ఒక ఫోను వచ్చింది. హమద్ టౌన్‌లో ఇంటిపని చేసే ఆవిడ. మాట గోదావరి మాట.

"బాబాయ్ గారూ, ఆ పాట పాడింది మీరేనాండి? మా కఫీల్ గారికి, అదే మా యజమానికి, ఊరి బయట ఖర్జూరం తోటుందండి. అక్కడ తోటపని చేసే భాయ్ దగ్గర ఒకాయన ఉంటున్నాడండి. మొక్కలకి నీళ్ళు పెడతాడండి. మన పాటే పాడతాడు గానండి, ఒకటే అనుమానం."

"ఏం అనుమానమమ్మా?"

"పూర్తిగా పాడడండి. సగంలో ఆపేసి నోరు మూసుకుంటాడు. మీ దాంట్లో అలా లేదు కదండీ. వేరే పాటేమో మరి."

ఆ రోజు స్టోరులో సామాన్ వచ్చింది, లారీవాడు కేకలేస్తున్నాడు. కాదు, కారణం అది కాదు. నా పాటను ఎవడైనా సగంలో ఆపుతాడా అన్న పొగరు నాది. ఊరంతా నా చరణం కోసమే వింటుంటే, ఆ చరణం రాకముందే ఆపేవాడు ఎవడో పాట సరిగా రానివాడు అనుకున్నాను. ఖాళీని నింపింది నేనే, ఆ ఖాళీ ఉండేదన్న మాట నేనే మరిచిపోయాను.

"ఆయన కాదమ్మా," అన్నాను. "మా మేస్త్రి మంచిగ పాడతడు."

బామ్మర్దికి కూడా చెప్పలేదు. ఇంకొక వీపు, ఇంకొక మొహం ఎందుకని.

కొన్నాళ్ళకు పాట తిరిగి తిరిగి మేస్త్రి ఊరికే చేరింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. బామ్మర్ది స్పీకరు పెట్టాడు, నేను వింటానని.

"గా పాట మా ఆడోళ్ళ గ్రూపుల వచ్చింది తమ్మీ. కాక మంచిగనే పాడిండు. గని అది మీ బావ పాట గాదు."

"అదే అక్కా. బావ పాడేదే."

"గాదు. నడుమ ఆగేది యాడ పాయె?"

"ఊరికెనే అక్కా, సప్పుడు లేకుంటే ఎవరు ఇనరని..." అని నసిగాడు బామ్మర్ది.

"ఎందుకు ఆగుతడో ఎరికేనా నీకు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీ బావ పోరడప్పుడు వాళ్ళయ్య మోట గొడుతుంటే పక్కపొంటి నడిచెటోడట. ఓ పొద్దు ఎద్దులు ఎనుకకు వచ్చేటప్పుడు గూడ ఆ అయ్య పాట ఆపలే. పాటల వడి కాళ్ళు సూడలే. ఎద్దు ఎనుక కాలు జారి బాయిల వడ్డది. తాడు సుట్టుకొని అయ్యను గూడ గుంజుకవోయింది. పోరడు గట్టు మీద నిలవడి సూసిండు. గప్పటి సంది ఆడ నోరు మూస్తడు. పెండ్లైన కొత్తల నేను అడిగితే గిది చెప్పి ఏడ్చిండు. మల్ల ఎవలకు చెప్పలే."

నేను పాడిన చరణం నాకే వినిపించింది. ఎక్కరా నా జోడెడ్లా. ఎద్దులు వెనక్కు ఎక్కే చోట, ఒక మనిషి ఊపిరి బిగబట్టుకొని తండ్రిని కాపాడుకునే చోట, నేను గంజు మూత మీద దరువేసి పాడాను. ఆ పాటతో ఒక దేశాన్ని నింపాను.

అప్పుడు గుర్తొచ్చింది హమద్ టౌన్ ఆవిడ. ఆ ఫోను సంగతి బామ్మర్దికి చెప్పాను. చెప్పాక బామ్మర్ది నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఫోను తీసి, "ఆమె నంబరు తియ్యి కాకా," అన్నాడు.

"అయ్యో బాబాయ్ గారూ," అంది ఆవిడ. "మీరు కాదన్నారు గానీ నా మనసొప్పలేదండి. మీ పాట వినిపిస్తే తేలిపోతుంది కదా అని మొన్న తోటకెళ్ళినప్పుడు ఆయనకి వినిపించానండి. మొదట నవ్వాడండి. చేత్తో తాళం కూడా వేశాడు. ఆ మధ్య చరణం వచ్చేసరికి లేచిపోయాడండి. ఎద్దులు బావిలో పడిపోతున్నాయి, ఆపమని అరిచాడండి. నాన్ననో ఎవర్నో పిలిచాడు. కంగారులో ఫోను ఆపడం చేతకాలేదండి. ఆ పాట మోగుతూనే ఉంది, ఆయన గేటు దాటి పోయాడు. మళ్ళీ రాలేదండి. తప్పు నాదేనాండీ?"

"నీది కాదమ్మా," అన్నాను. ఆ మాటలో పెంచిందీ తగ్గించిందీ లేదు.

తోటకు వెళ్ళాం. తోటపని భాయ్ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. నీళ్ళ తొట్టి దగ్గరనుంచి చెట్ల వరసల మధ్యకు ఒక బాట, ఇసుక అణిగి గట్టిపడి, రెండు కాళ్ళ వెడల్పున. పోయినంత మేరా తిరిగి వెనక్కు వచ్చినట్టు ఒకే అడుగుల మీద అడుగులు. ఆ బాట చివర బామ్మర్ది కూలబడ్డాడు. అక్కడ నేను కూడా ఏడ్చానని క్యాంపులో అందరికీ చెప్పాను. ఏడవలేదు. అతను ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక నేను ఫోను తీసి, నా పాటను ఇప్పటికి ఎంతమంది విన్నారో చూశాను. అలవాటు.

చేసిందాన్ని చెరపడానికి ఒక దారి ఉంటుందనుకున్నాను. మళ్ళీ పాడాను, ఈసారి మేస్త్రిలాగే, ఆగవలసిన చోట ఆగి, దరువు లేకుండా. ఇది విని ఎవరైనా గుర్తుపట్టండి, సగంలో ఆగే మనిషే మా మనిషి అని బామ్మర్ది చెప్పాడు. గ్రూపులన్నిటిలో పెట్టాం. జవాబులు వచ్చాయి.

"నెట్ లేదా కాకా, నడుమ బందయ్యింది."

"మల్ల వెట్టు, సగమే వచ్చింది."

"పాతదే మంచిగుండే. గిదేంది, సావు పాట లెక్క?"

పాతది మళ్ళీ పైకి తెచ్చి పెట్టారు. పాటను మెచ్చుకుంటూ నా పేరు పక్కన పూలు పెట్టారు.

అక్కే చివరికి చెప్పింది ఏం చేయాలో. "గా పాట బంద్ వెట్టుండ్రి తమ్మీ. యాడికి వోయినా అదే ఇనవడుతుంటే ఆయన యాడ నిలవడుతడు? ఉరుకుతనే ఉంటడు."

అందరినీ కదిలించడం ఒక్క పూట పని. కదిలినవాళ్ళను ఆపడం ఎలాగో నాకు తెలియలేదు. తీసేయండి అని గ్రూపుల్లో వేడుకున్నాను. "నీ పాటకు నువ్వే అడ్డమా ముసలోడా" అని నవ్వారు. ఎవరో నా గొంతుకు డీజే మోత కలిపి పెళ్ళి బరాత్‌లకు పంపారు. వంట చేస్తూ ఆ పాటకు ఊగే రీల్స్, బండి తోలుతూ ఊగే రీల్స్. "మేస్త్రిని వెతుకుదాం" గ్రూపులో ఇప్పుడు పండుగ శుభాకాంక్షలు, పాత ఫోన్ల అమ్మకాలు. ఒకడైతే, "మేస్త్రి అంటే ఎవరన్నా?" అని అడిగాడు. ఆ గ్రూపు పెట్టినవాడు కూడా జవాబివ్వలేదు.

ఇక నోటితోనే చెప్పుకుంటూ తిరుగుతున్నాం. బస్సులో ఎవడి ఫోనులోనైనా ఆ గంజు మూత మోగితే బామ్మర్ది లేచి వాడి దగ్గరకు పోతాడు.

"అన్నా, జర అది బంద్ జెయ్యి."

"ఎందుకే? నీకేమైతది?"

అప్పుడు మొదటినుంచి చెప్పాలి. చెప్పడం నా వంతు. మొదట్లో నేను చెబితే బావి ఇంకొంచెం లోతయ్యేది, ఎద్దులు ఇంకొంచెం పెద్దవయ్యేవి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొందరు విని తీసేస్తారు. కొందరు శబ్దం తగ్గిస్తారు, మేం దిగాక పెంచుతారు. ఆ సంగతి బస్సు కదలగానే తెలుస్తుంది.

బామ్మర్ది ఊరికి పోయే సెలవును రెండోసారి కూడా వాయిదా వేయించుకున్నాడు. ప్రతి శుక్రవారం హమద్ టౌన్ తోటనుంచి మొదలుపెట్టి దక్షిణంగా నడుస్తూ దుకాణం దుకాణమూ అడుగుతాడు, పాట సంగతి ఎత్తకుండా, మనిషి పోలికలే చెప్పి. అలా అడుగుతూ పోగా మొన్న ఒకరోజు అవాలి దారిలో ఒక కోల్డ్ స్టోర్‌లో, అంటే చిల్లర దుకాణంలో, మలయాళీ తల ఊపాడు. అలాంటి మనిషి ఒకడు వస్తాడట. వారానికోసారో ఎప్పుడో. లోపలికి రాడు. వాకిట్లో నిలబడి, ఫోన్ బంద్ చేశావా అని సైగ చేస్తాడు. చేసి చూపిస్తేనే వచ్చి నీళ్ళు తాగుతాడు. తర్వాత ఎడారిలో చమురు తోడే యంత్రాల వైపు పోతాడు. అవి వంగి లేస్తుంటే నిలబడి చూస్తాడు.

"బతికున్నడు," అన్నాడు బామ్మర్ది. ఆ మాట అతను అనగా వినడం నాకు అదే మొదలు.

పోయిన శుక్రవారం ఇద్దరం వెళ్ళాం. దుకాణం ముందు అతను తన ఫోను ఆపేసి గల్లా బల్ల మీద పెట్టాడు. నా వైపు చేయి చాపాడు.

"నీది గూడ ఇయ్యి కాకా."

"ఆపే ఉన్నది బిడ్డా."

"సూపెట్టు."

ఆపలేదు. ఆపి ఇచ్చాను.

"నువ్వు ఈడనే కూసో. నీ గొంతు పెద్దది, నిన్ను పట్టుకపోతే నువ్వు ఊకుండవు," అని అతనొక్కడే రోడ్డు దాటి ఇసుకలోకి నడిచాడు. పైపుల వెంట చాలా దూరం కనిపించాడు, తర్వాత కనిపించలేదు. మలయాళీ నాకు టీ పోశాడు. గాలికి దుకాణం రేకు చప్పుడు చేస్తోంది. లారీలు పోతున్నాయి, ప్రతి లారీ కిటికీలోంచి ఏం వినిపిస్తుందోనని నేను టీ గ్లాసు గట్టిగా పట్టుకుంటున్నాను. ఒకదాంట్లో అరబీ పాట. ఒకదాంట్లో ఏమీ లేదు.

పొద్దు వాలుతుండగా బామ్మర్ది ఒక్కడే తిరిగొచ్చాడు. మొహమంతా దుమ్ము. బల్ల మీది ఫోను తీసి అక్కకు చేశాడు.

"ఏమాయె తమ్మీ?"

"మనిషి కండ్లవడలే అక్కా. అడుగులున్నయి. కొత్తయే. అడుగులు ఓ దిక్కు పోయి మల్ల అదే దిక్కు ఎనుకకు వచ్చినట్టున్నయి." ఊపిరి తీసుకొని అన్నాడు, "గాడ యాడ గూడ పాట ఇనవడతలేదు. సప్పుడే లేదు."

"మంచిగున్నది గట్లయితే," అంది ఆమె. "మల్ల శుక్రవారం గూడ వో. కండ్లవడితే ఉరికి పోకు, పిలువకు. దూరం కూసో. ఆయనంతట ఆయన రానియ్యి."

"సరే అక్కా."

"కాకను తోలుకపోకు."

"తోలుకపోను," అన్నాడు, నా వైపు చూడకుండా.